మా ఇంటి వంతు రోజున అందరికీ షుగరే



దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె ఇల్లు వెదికిన వారికి ఈ అనుభవం అయ్యే ఉంటుంది. గేటుకు ‘టు లెట్’ అట్ట వేలాడుతూ ఉంటుంది. గదులు చూస్తాం. కృష్ణా నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయో, కరెంటు మీటరు వేరుగా ఉందో లేదో అడుగుతాం. అడ్వాన్సు కూడా కుదిరాక, ఇంటావిడ చీర కొంగు సర్దుకుంటూ అడుగుతుంది: “మీరేమిటోళ్లు?” క్రైస్తవులమండీ అంటే సరిపోదు. “అది సరేలెండి, అంతకు ముందు?” అని రెండో ప్రశ్న వస్తుంది. జవాబు నచ్చకపోతే ఆ సాయంత్రమే ఊరి నుంచి వాళ్ల తమ్ముడు దిగుతాడు, ఇల్లు ఆయనకు కావలసి వస్తుంది.

ఇది బయటివాళ్ల పాపం అని రాసి ఊరుకుంటే మీకూ హాయి, నాకూ హాయి. కాని ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర మనం ఏం చేస్తున్నామో చూడండి. కొత్త కుటుంబం కనిపిస్తుంది. ప్రేమగా దగ్గరకు వెళ్తాం. “ఏ ఊరు?” మంచి ప్రశ్నే. “ఏ విచారణ?” ఇంకా మంచి ప్రశ్న. తరువాత మూడోది వస్తుంది: “ఊళ్లోనా, పల్లెలోనా?” గుంటూరు, కృష్ణా జిల్లాల వారికి ఆ మాట అర్థం విడమరచి చెప్పనక్కర లేదు. అది ఆదివారం బట్టలు కట్టుకుని వచ్చిన టు లెట్ ప్రశ్నే.

మన ఎల్.బి. నగర్ సంగతి మీకు తెలియనిది కాదు. విజయవాడ రోడ్డూ సాగర్ రోడ్డూ పట్నంలోకి వచ్చేది ఇటే. గుంటూరు నుంచి, ఖమ్మం నుంచి, నల్గొండ నుంచి బస్సెక్కినవారు ఇక్కడే దిగి, ఇక్కడే గది చూసుకుని, ఇక్కడే స్థిరపడ్డారు. పిల్లల కోచింగు కోసం వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉన్నవారు చైతన్యపురిలో కాపురం పెట్టారు, వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నారు. 2018లో మెట్రో ఎల్.బి. నగర్ దాకా వచ్చాక అద్దెలు పెరిగి, చాలామంది ఇంకా లోపలికి జరిగారు. పట్నం వస్తే కులం పోతుందని మా తరం వాళ్లం నిజంగానే నమ్మాం. బస్సులో పక్క సీటువాడి కులం ఎవరడుగుతారు? మెట్రోలో అసలే అడగరు. కాని మనం పట్నానికి పెట్టె ఒక్కటే తెచ్చుకోలేదు. ఊరి పటం కూడా మడిచి అందులో పెట్టుకుని వచ్చాం.

అసలు చెప్పదలచుకున్న సంగతికి వస్తాను. మా విచారణలో ఒక చిన్న క్రైస్తవ సమాజం ఉంది. పదిహేను కుటుంబాలు. గురువారం సాయంత్రం వంతుల వారీగా ఒక్కో ఇంట్లో కూడి వాక్యం చదివి ప్రార్థిస్తారు. ప్రార్థన అయ్యాక ఆ ఇంటివారు టీ, ఏదో ఒక ఫలహారం పెడతారు. వీలైనప్పుడల్లా నేనూ వెళ్తాను. ఒక గురువారం రెండో అంతస్తులో ఒక్క గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌లో కూడిక. ఆ ఇల్లాలు ఒక ఆసుపత్రిలో నర్సు. మామూలుగా ఇరవై మంది దాకా వస్తారు, ఆ రోజు తొమ్మిది మందిమి. ప్రార్థన అయ్యింది, టీ వచ్చింది. “వద్దమ్మా, షుగర్” అన్నారు ఒకావిడ. “నాకూ షుగరే” అన్నారు ఇంకొకరు. మూడో ఆయన చేత్తోనే సైగ చేశారు. పళ్లెం అలాగే తిరిగి నా దగ్గరకు వచ్చింది. ఆ నర్సమ్మ పళ్లెం కింద పెట్టి, నవ్వుతూనే అంది:

“ఫాదర్‌గారూ, నేను ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, షుగర్ సంగతి నాకు తెలుసు. మా ఇంటి వంతు రోజున అందరికీ షుగరేనండీ. మళ్లీ గురువారానికి తగ్గిపోద్ది.”

గదిలో ఎవరూ కదల్లేదు. అప్పుడు నేనేం చేశానో దాచకుండా చెబుతాను. మరియమాత పాట ఒకటి ఎత్తుకున్నాను. అందరూ అందుకున్నారు. పాట అయిపోగానే చెప్పులేసుకుని ఎవరిళ్లకు వారు వెళ్లారు. గొడవ సర్దుబాటైందని, సమయస్ఫూర్తి చూపానని నేను అనుకున్నాను కూడా. వారం తరువాత ఆమె నాతో, “ఆ రోజు నాకు బాధ కలిగించింది వాళ్లు కాదండీ ఫాదర్‌గారూ, వాళ్ల సంగతి నాకు అలవాటే. మీరు పాట ఎత్తుకున్నారు చూడండి, అది” అంది.

ఇంటికి వచ్చి సమాజం పుస్తకం తీసి, ఇళ్ల వంతుల జాబితా చూశాను. అది నేను వేసిందే. మొదటి రెండేళ్లలో నాలుగు ఇళ్ల పేర్లు అందులో లేనే లేవు. ‘స్థలం చాలదు’ అనుకుని తీసేసినట్టు గుర్తు. ఆ నాలుగిళ్లలో మూడు దళిత కుటుంబాలవి. నాలుగోది జార్ఖండ్ నుంచి కట్టడం పనికి వచ్చిన ఆదివాసీలది. నేను కులం చూసి తీయలేదు, గది చూసి తీశాను. కాని ఎవరికి చిన్న గది దక్కుతుందో మన దేశంలో కులమే చాలావరకు నిర్ణయిస్తుంది కదా. నాకు తెలియకుండానే నా కలం పాత గీత మీదే నడిచింది. అది చాలా పాత గీత. 18వ శతాబ్దంలో కర్నాటక మిషన్‌లో పనిచేసిన యేసుసభ గురువులు అంటరాని వారని పిలవబడిన క్రైస్తవుల ఇళ్లకు బాహాటంగా వెళ్తే పై కులాల వారు దూరమవుతారని భయపడ్డారు. ఆ సేవకు వేరుగా కొందరు గురువులను పెట్టే ఏర్పాటుకు 1744లో 14వ బెనెడిక్టు పోపుగారు ఒప్పుకోవలసి వచ్చింది. ఆ పేజీ చదివినప్పుడు సెమినరీలో మేం ముక్కున వేలేసుకున్నాం. నా జాబితా మాత్రం అలా తయారైంది.

ప్రియ పాఠకులారా, కులం తప్పని తెలియని కతోలికుడు మనలో ఎవరున్నారు? ఆ బోధకు మనకు లోటు లేదు. భారత కతోలిక పీఠాధిపతులు 1982లో తిరుచిరాపల్లిలో సమావేశమై కులవివక్షకు క్రైస్తవంలో చోటు లేదని తేల్చారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 2003లో రోముకు వెళ్లిన తమిళనాడు పీఠాధిపతులకు అదే మాట గట్టిగా చెప్పారు. 2016 డిసెంబరులో మన పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత కోసం ఒక విధాన పత్రమే వెలువరించి, శ్రీసభ లోపల వివక్ష ఉన్నదని ఒప్పుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా దక్కింది, మనవారికి దక్కలేదు. అందుకే ఏటా ఆగస్టు 10న నల్ల రిబ్బను కట్టుకుంటాం. 2022 ఆగస్టు 27న మన అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినల్ అయినప్పుడు, తెలుగువారిలోనూ దళితులలోనూ మొట్టమొదటి కార్డినల్ అని ఎంత సంతోషించాం! ఫ్లెక్సీలు కట్టాం, దండలు వేశాం. దండ వేసిన చేతులే టీ గ్లాసు దగ్గర ఎందుకు వెనక్కి పోతాయి?

తెలిసినంత మాత్రాన మనిషి మారడు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ మాట ఒకటి నాకు బాగా నచ్చేది. ఇళ్లు కట్టగా కట్టగా మేస్త్రీ అవుతాడట, వాయించగా వాయించగా వాద్యకారుడవుతాడట. న్యాయబుద్ధి కూడా అంతేనని, న్యాయమైన పనులు చేయగా చేయగా వస్తుందని ఆయన చెప్పాడు. అదే పెద్దమనిషి ఇంకో పుస్తకంలో కొందరు పుట్టుకతోనే బానిసలని రాశాడు. అంతటి మేధావి అలా ఎలా రాశాడా అని అప్పట్లో తల పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు నాకు తోచేది ఒకటే. ఆయన చుట్టూ కూర్చుని వాదించిన శిష్యులలో “అయ్యా, నా సంగతి నేను చెబుతాను” అనగల బానిస ఎవరూ ఉండి ఉండరు. ఒకే రకం వాళ్లు ఒక గదిలో కూర్చుని ఎంత లోతుగా ఆలోచించినా, గదిలో లేనివాడి గాయం వాళ్లకు కనబడదు.

పునీత పేతురు గారి సంగతే చూడండి. అపోస్తలుల కార్యములు పదవ అధ్యాయంలో ఆయనకు దర్శనం కలిగింది. ఏ మనిషినీ అపవిత్రుడనకూడదని దేవుడే నేర్పాడు. కొర్నేలి ఇంటికి వెళ్లాడు, అన్యులకు జ్ఞానస్నానం ఇప్పించాడు. ఇక పాఠం వచ్చేసినట్టే కదా? గలతీయుల లేఖ రెండవ అధ్యాయం తిరగేయండి. అంతియోకియలో అన్యులతో కలిసి భోంచేస్తున్న అదే పేతురు, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే పంక్తిలోంచి మెల్లగా లేచిపోయాడు. ఆయనను చూసి మిగతా యూదులూ లేచారు. చివరికి బర్నబా కూడా. పౌలు అందరి ఎదుటే ఆయనను నిలదీశాడు. దర్శనం పొందిన మొదటి పోపుగారికే పాఠం రెండోసారి నేర్చుకోవలసి వచ్చింది. అదీ భోజనం దగ్గర, పదిమందిలో. ఆ రోజు పౌలు కూడా పాట ఎత్తుకుని ఉంటే ఏమయ్యేదో!

మన సమాజాలలో వాక్యం పంచుకునే ఏడు మెట్ల పద్ధతి ఉంది కదా, అది ఎక్కడ పుట్టిందో మీలో ఎందరికి తెలుసు? దక్షిణాఫ్రికాలో, నల్లవారినీ తెల్లవారినీ చట్టం పెట్టి విడదీసిన రోజుల్లో. లుంకో అనే కతోలిక శిక్షణ కేంద్రంలో ఓస్వాల్డ్ హిర్మర్, ఫ్రిట్జ్ లోబింగర్ అనే ఇద్దరు జర్మన్ గురువులు పల్లె సమాజాల కోసం దాన్ని తయారుచేశారు. ఇద్దరూ తరువాత అక్కడే పీఠాధిపతులయ్యారు. అక్కడి పీఠాధిపతులు 1957లోనే వర్ణవివక్ష స్వభావం చేతనే చెడ్డదని ప్రకటించారు. అదే ప్రకటనలో, మా సంస్థల్లోనే ఇది ఉందని కూడా ఒప్పుకున్నారు. ఆ తరువాత కూడా సెమినరీలు చాలాకాలం నల్లవారికి ఒకటి, తెల్లవారికి ఒకటిగానే నడిచాయి. పై నుంచి వచ్చిన ప్రకటన ఎంత మంచిదైనా, కింద పదిమంది ఒకచోట కూర్చుని ఒకరి మాట ఒకరు వినకపోతే కాగితంగానే ఉండిపోతుంది.

ఏడు మెట్లలో మొదటి ఐదూ మనం బాగానే చేస్తాం. ప్రభువును ఆహ్వానిస్తాం, చదువుతాం, మనసుకు తాకిన మాట పైకి పలుకుతాం, మౌనంగా ఉంటాం, పంచుకుంటాం. ఆరో మెట్టు దగ్గరే వస్తుంది చిక్కు. ఈ వాక్యం ప్రకారం మనం ఇప్పుడు ఏం చేయాలి అని కలిసి వెదకవలసిన మెట్టు అది. సరిగ్గా అప్పటికి తొమ్మిదవుతుంది, వంటింట్లో పళ్లేల చప్పుడు వినిపిస్తుంది, ఎవరో గోడ గడియారం చూస్తారు. “ప్రభువు చిత్తం, ప్రార్థన చేసుకుందాం” అనేసి ఏడో మెట్టు మీదికి దూకుతాం.

ఆ తరువాతి గురువారం మేం గలతీయుల లేఖలోని ఆ భాగమే చదివాం. చదవకముందే, పాట ఎత్తుకున్నది నా తప్పని అందరిలో చెప్పాను. జాబితా సంగతీ చెప్పాను. ఆరో మెట్టు దగ్గర ఆగిపోయాం. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఒక పెద్దావిడ నోరు విప్పారు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో వాక్యం చెప్పడానికి వచ్చే ఉపదేశి పల్లె మనిషి. ఆయన చెప్పే జపాలు ఇంటిల్లిపాదీ నేర్చుకునేవారు. మంచినీళ్లు మాత్రం వాళ్ల నాయనమ్మ పై నుంచి దోసిట్లో పోసేదట. “ఆయన నేర్పిన జపమే ఇప్పటికీ చెప్పుకుంటున్నాను ఫాదర్. ఆయనకు గ్లాసు ఇవ్వలేదని ఈ రోజు దాకా తోచలేదు” అన్నారు. నర్సమ్మ ఏడవలేదు, క్షమించాననీ అనలేదు. “మా ఊళ్లో టీ కొట్లో మాకు వేరే గ్లాసులుండేవి. తాగి మేమే కడిగి పెట్టేవాళ్లం” అని మాత్రం చెప్పింది. ఆ సాయంత్రం ఒకరినొకరు కౌగిలించుకోవడాలేవీ జరగలేదు. టీ మాత్రం అందరూ తాగారు.

అందరూ అంటే వచ్చినవారందరూ. ఒక కుటుంబం రాలేదు. ఆ ఇంటాయన రిటైరైన ఉద్యోగి. తాతల నాటి నుంచి కతోలికులు. సొంత ఊళ్లో గుడి కట్టడానికి స్థలమిచ్చినవారు. మొదటి రోజు షుగర్ అన్నది ఆయన భార్యే. వాళ్లింటికి వెళ్లాను. “మమ్మల్ని పదిమందిలో కులగజ్జి మనుషుల్ని చేశారు. మా ఆవిడకు పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు చూపించమంటారా?” అని ఆయన మండిపడ్డారు. మాత్రల డబ్బా నిజంగానే బల్ల మీద ఉంది. నాకు నోట మాట రాలేదు. అనుమానంతో నిందించడం కూడా పాపమే కదా అనిపించింది. నన్ను గేటు దాకా సాగనంపడానికి వచ్చిన ఆ అమ్మ మెల్లగా అంది: “షుగర్ ఉన్నమాట నిజమే ఫాదర్. కాని కిందటి వారం వేరేవాళ్లింట్లో సగం గ్లాసు తాగాను.” రెండు నెలల తరువాత ఆమె ఒక్కతే కూడికకు వచ్చింది.

పాపం ఒకవైపే ఉంటుందని మాత్రం అనుకోకండి. మాలల మాదిగల మధ్య పొత్తు కుదరని ఇళ్లు మన విచారణల్లో లేవా? ఉన్నాయి. అంతెందుకు, మా సమాజంలోకి షిల్లాంగ్ నుంచి ఇద్దరు అమ్మాయిలు కొత్తగా వచ్చారు, కొత్తపేటలో బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తారు. వాళ్లను “ఆ చైనా పిల్లలు” అన్నది ఎవరనుకున్నారు? మన నర్సమ్మే. ఆ అమ్మాయిలకు తెలుగు కొంచెం కొంచెం వస్తుంది. “ఆంటీ, మేం కూడా ఇండియానే. మా నాన్నమ్మ కూడా జపమాల చెప్పేది” అన్నారు. నర్సమ్మ నాలిక కరుచుకుంది. రూపం చూసి ఎగతాళి చేసిన చోట మొదలైన గొడవే 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ కుర్రవాడి ప్రాణం తీసింది. ఆ తరువాతే ఈశాన్య రాష్ట్రాల వారి కష్టాలు విచారించమని కేంద్ర ప్రభుత్వం బెజ్‌బరువా కమిటీని వేసింది. ఆ అమ్మాయిలు ఈ సంగతి చెప్పినప్పుడు మాలో చాలామంది మొదటిసారి విన్నాం.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఎల్.బి. నగర్‌లో వీధికి నాలుగు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలో మన నగరపు కుటుంబానికి చెందిన యువ ఇంజినీరును ‘నా దేశం విడిచి పో’ అని అరిచి ఒకడు కాల్చి చంపినప్పుడు మన వీధుల్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. అడ్డుపడబోయిన తెల్లజాతి యువకుడు కూడా తూటా తిని, బతికి బయటపడ్డాడు. మన బిడ్డకు జరిగితే దాని పేరు జాతి వివక్ష. మన మేడ మీద గది అద్దెకిచ్చేటప్పుడు మాత్రం దాని పేరు ‘మా ఇంటి పద్ధతి’.

పెళ్లి సంగతి ఎత్తితే ఈ పేజీ చాలదు. అయినా ఒక్క మాట. కతోలిక పత్రికలలో కూడా ‘వధువు కావలెను’ ప్రకటన మొదట ఆర్.సి.ఎం. అని, వెంటనే కులం పేరు చెబుతుంది. జ్ఞానస్నానం ఆ రెండు మాటల మధ్య చుక్కలా మిగులుతుంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్య కళ్లెదుటే, ఆసుపత్రి గేటు ముందు ఒక దళిత క్రైస్తవ యువకుణ్ణి నరికి చంపారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ హత్యకు మనమెవరం కారకులం కాము. మా సమాజంలో దాన్ని గురించి మాట్లాడినప్పుడు ఒక తండ్రి ఇలా అన్నాడు: “చంపడం దాకా పోను ఫాదర్. కాని మా అమ్మాయి అలా చేసుకుంటే పెళ్లికి వెళ్తానని ఇప్పుడు చెప్పలేను.” ఆయన నిజాయితీకి నేను దండం పెడతాను. అలా మొదలైన మాట ఇంకా నడుస్తోంది. ఆయన కూతురు పక్కనే కూర్చుని వింటోంది.

ఇలాంటి సమాజం మీ వీధిలో ఉంటే వంతుల జాబితా ఒకసారి తీసి చూడండి. ఎవరి పేరు లేదో, ఎవరింటి వంతు రోజున హాజరు సగమవుతోందో చూడండి. కారణం మీరే ఊహించకుండా ఆ ఇంటివారినే అడగండి, వారు చెబుతుంటే మధ్యలో అడ్డు రాకండి. పాటలు తరువాత పాడుకోవచ్చు.

మేం ఇప్పుడు చీటీలు వేసి వంతులు నిర్ణయిస్తున్నాం. గది చిన్నదైతే మెట్ల మీద కూర్చుంటాం. నర్సమ్మ ఇంట్లో టీ కాచేటప్పుడు చక్కెర వేయకముందే ఒక గ్లాసు తీసి పక్కన పెడుతుంది. గ్లాసులన్నీ ఒక రకమే. రిటైరైన ఆయన మాత్రం ఇంతవరకు రాలేదు, వేరే విచారణకు పూజకు వెళ్తున్నారని విన్నాను. ఆయన భార్య కిందటి వారం, “మా ఇంటి చీటీ కూడా వేయండి ఫాదర్” అంది. ఆయనకు చెప్పారా అని అడిగితే, చెప్పాను, అవునూ అనలేదు కాదూ అనలేదు అంది. చీటీ తీస్తే వచ్చే నెల రెండో గురువారం వాళ్లదే వచ్చింది. సాయంత్రం ఏడున్నరకు వెళ్తున్నాం. షిల్లాంగ్ అమ్మాయిలు పార్లర్‌లో ఆ రోజుకు ముందే సెలవు అడిగి పెట్టుకున్నారు.